బతికున్నోని పేరు మీద బియ్యం

"తియ్యవే అవ్వా చెయ్యి! అయ్యగారు ఇంకెంతసేపు కూసుంటడు?"

రాజం ఈ మాట అనడం పదకొండోసారి. గడపలో నిలబడ్డ అలేఖ్య లెక్కపెడుతూనే ఉంది. నిండిన బస్సులో డెబ్బైమందిని ఒక్క చూపులో లెక్కపెట్టే కండక్టరుకు తండ్రి అరుపులు లెక్కపెట్టడం ఏం కష్టం?

కిష్టవ్వ చెయ్యి చాట మీది నుంచి చీమంత కూడా కదల్లేదు. చాటలో బియ్యం. బియ్యం మీద పప్పు, చింతపండు, బెల్లంముక్క, రెండు బీరకాయలు, ఒక గుమ్మడి చెక్క. అన్నిటి మీదా ఎనభై మూడేళ్ల చెయ్యి. తునికాకు కట్టతో ఎలుగుబంటిని కొడితే, అది జన్నారం దాకా వెనక్కి తిరిగి చూడకుండా ఉరికిందని చెన్నూరంతా చెప్పుకునే చెయ్యి. అటువంటి చెయ్యి కొడుకు కసురుకు లేస్తుందా?

"తియ్య. ఇంకో నూరుసార్లడుగు. తియ్య."

"ఎందుకు తియ్యవో జర చెప్పరాదు?"

"సచ్చినోళ్లకు బియ్యమిస్తరు. బతికున్నోనికి బువ్వ పెడ్తరు. మీ బాపు బతికున్నడు."

వరండాలో పీట మీద కూర్చున్న అయ్యగారు గొంతు సవరించుకున్నారు. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడు చెన్నూరులో ఆయనకున్న గిరాకీ మంత్రికి కూడా ఉండదు. రెండు నిమిషాలకోసారి ఫోన్ మోగుతోంది.

"కిష్టవ్వా, ఇంకా పద్దెనిమిది ఇండ్లు నా కోసం చూస్తున్నయి. నీ కోడలు శంకరవ్వ పేరు మీద ఇచ్చిండ్రు. మీ అత్తమామల పేర్ల మీద ఇచ్చిండ్రు. బుచ్చిలింగు పేరొక్కటే మిగిలింది. అరవై ఏండ్ల సంది ఇస్తనే ఉన్నవు గదా తల్లీ!"

"అరవై ఏండ్లు తెల్వక ఇచ్చిన. గియ్యాల తెలిసింది. తెలిసి ఎట్ల ఇయ్యాలె? బతికున్నోని పేరు మీద బియ్యమిస్తే ఆ మనిషి ఆయుష్షు తెంపినట్టే. నువ్వే చెప్పినవు గా మాట."

అయ్యగారు జంధ్యం సవరించుకున్నారు. చెప్పింది ఆయనే మరి.

పెద్దలకు బియ్యం ఇచ్చేదాకా ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్లయినా ముట్టరాదు. పొయ్యి పక్కన గంపెడు గారెలు. ఆ గంప పక్కనే పరశురాములు, అలేఖ్య అన్న, మస్కట్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చినవాడు. ఆకలికి అతని ముఖం గారె రంగుకు తిరిగింది.

"ముడి చూసి మొగుణ్ని గుర్తువట్టిందట!" అన్నాడు. "గీ ముచ్చట పోలీసోళ్లకు చెప్పుండ్రి. ఇగ వాళ్లకు కుక్కలు అవసరం లేదు."

"నువ్వు నోరు మూసుకో అన్నా."

"ఎందుకు మూసుకోవాలె? గీ పరేషానంత నీ వల్లనే. పూలు కొంటే పూలు కొన్నట్టు ఉండాలె. గా బస్టాండు కాడ దొరికిన మోపులే దొరికినయా నీకు?"

అది నిజమే. నిన్న సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ, ఎంగిలిపూల బతుకమ్మ కోసమని అలేఖ్య రెండు గునుగుపూల మోపులు కొన్నది. మోపును విప్పబోయిన కిష్టవ్వ, విప్పకుండానే నేల మీద కూలబడింది. అప్పటి నుంచి నీళ్లు కూడా తాగలేదు.

ఆ మోపుకు ఉన్న ముడి అటువంటిది. నారను మూడు చుట్లు తిప్పి, కొసను ఎడమకు వంచి, కిందినుంచి తీసి, కనపడకుండా దాచేసే ముడి. గోదావరిలో టేకు దుంగల తెప్పలు నడిచిన కాలంలో ఆ ముడి వేసేవాడు ఒక్కడే, అవతలి ఒడ్డు నుంచి వచ్చిన బుచ్చిలింగు.

"గీ ముడిని గోదారి గుంజినా ఊడది," అన్నాడట రేవులో బట్టలు ఉతుక్కుంటున్న పదిహేడేళ్ల కిష్టవ్వతో. "నేను గుంజుత, సూడు," అన్నదట కిష్టవ్వ. మూడు రోజులు గుంజింది. రేవంతా చేరి చూసింది. నాలుగో రోజు బుచ్చిలింగు ఆ కొస ఎక్కడుందో చెవిలో చెప్పాడు. ఐదో రోజు పెళ్లి.

మూడేళ్లకు ఒక వరద వచ్చింది. తెప్ప చెదిరింది. తోటివాళ్లు బుచ్చిలింగు తలపాగ మాత్రం తెచ్చి ఆమె ముందు పెట్టారు. రాజం అప్పుడు కడుపులో ఐదు నెలల పిండం. ఆ రోజే కిష్టవ్వ గాజులు పగిలాయి.

అలేఖ్య లోపలికి వెళ్లి రెండో మోపు తెచ్చి అందరి మధ్య పడేసింది.

"అన్నా, నువ్వు మస్కట్‌ల సిమెంటు బస్తాలు ఒంటి చేత్తో లేపుత అంటవు గదా. విప్పు."

పరశురాములు నవ్వుతూ వంగాడు. నవ్వు ముందు పోయింది, తర్వాత ఊపిరి పోయింది. గోళ్లతో పీకాడు, మోకాలు ఆనించి లాగాడు, చివరికి పళ్లతో పట్టాడు. పూలు రాలాయిగాని ముడి మాత్రం బిగుసుకుంది.

"కత్తి తేపో," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

కిష్టవ్వ కుడిచెయ్యి చాట మీదనే ఉంచి, ఎడమచేతి చూపుడు వేలు మోపు కిందికి పోనిచ్చింది. ఏం చేసిందో ఎవరికీ కనపడలేదు. ముడి జారిపోయింది. గునుగు పూలు వరండా దాకా పరుచుకున్నాయి.

అయ్యగారు ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు.

అందరూ ఆ నార దిక్కే చూస్తున్నారు. ఒక్క రాజం మాత్రం గోడ దిక్కు చూస్తున్నాడు. అది అలేఖ్యకు వింతగా అనిపించింది. నిన్నటి నుంచి తండ్రి ఆ మోపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఎవడన్న నేర్చుకోని ఉంటడు," అన్నాడు రాజం. "ముడులకు పేర్లుంటయా?"

"నేర్పినోడుంటెనే గదా నేర్చుకునేది," అన్నది కిష్టవ్వ.

"ఉంటె ఉంటడు! ఉంటె నీకేమొస్తది అవ్వా?" రాజం ఒక్కసారిగా తిరిగాడు. "సచ్చిన బాపు అంటె మంచోడు. గోదారి కొట్టుకపోయింది, పాపం ఆయన తప్పేం లేదు. బతికున్నడనుకో, మరి ఎవలు? నిన్నూ, కడుపుల ఉన్న నన్నూ ఇడిచిపెట్టి పోయిన దొంగ. గా దొంగ నాకొద్దు. నాకు సచ్చినోడే గావాలె!"

పొయ్యి మీద నూనె చిటపటమన్నది. కిష్టవ్వ కొడుకు దిక్కు తిరిగింది.

"నీకు బాపు గావాలె గావట్టి మంచోడు గావాలె," అన్నది మెల్లగా. "నాకు మంచోడు గాకున్నా మంచిదే. కండ్లతోని సూడాలె. ఎందుకు రాలేదో అడగాలె. గంతే."

"అడిగి?"

"అడిగినంక సస్త. అప్పుడు ఇద్దరి పేర్ల మీద ఇయ్యి బియ్యం. నేను అడ్డం రాను."

ఇంటి పెద్దలిద్దరూ మొండివాళ్లయితే మధ్యలో ఉన్నవాళ్ల బతుకు తిరగలిలో గింజే. అలేఖ్య స్కూటీ తాళంచెవి తీసుకుంది.

"అయ్యగారూ, మీరు పక్క వాడల ఇండ్లు చూసుకోని పన్నెండు లోపల మల్ల రాండ్రి. మోపు కట్టినోళ్లు ఎవలో తెలుసుకోనొస్త. ఎవలో పిల్లగాడు కట్టిండని తేలితే బాపమ్మ చెయ్యి నేనే తీస్త."

"తీస్తవా?" అన్నాడు పరశురాములు, గంప వైపు ఆశగా చూస్తూ.

"యాడికి పోవుడు లేదు," అన్నాడు రాజం.

"ఎందుకు బాపూ?"

"వద్దంటె వద్దు! ఆడివిల్లవు, పండుగపూట బజార్ల వడి ఇంటి ఇజ్జత్ తీస్తవా?"

"రోజూ తాగినోళ్లను నడిబజార్ల బస్సుల నుంచి దింపుతున్నప్పుడు పోని ఇజ్జత్, పూలామెను ఒక్క మాట అడిగితె పోతదా?"

అలేఖ్య స్కూటీ జవాబు కోసం ఆగలేదు.

*

బస్టాండు ముందు గునుగు, తంగేడు, బంతి గుట్టలు పోసి ఉన్నాయి. చెన్నూరులో ఉన్న ఆడవాళ్లకంటే రెట్టింపు మంది అక్కడే ఉన్నట్టున్నారు. అలేఖ్య "జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి" అని బస్సు గొంతుతో అరిచింది. అలవాటు కొద్దీ అందరూ జరిగారు.

నిన్నటి పూలామె అక్కడే ఉంది. యాభై దాటిన మనిషి, ముక్కుకు పెద్ద పుడక, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. పేరు సత్తమ్మ. నది అవతలి ఊరు.

"అక్కా, గీ మోపులు ఎవలు కట్టిండ్రు?"

"ఎందుకు, ఊడిపోయినయా?" సత్తమ్మ కొట్లాటకు తయారైంది. "మా బాపు కట్టిన మోపు ఊడుడు నా జన్మల చూడలే. వేరేచోట కొని నా మీదికి తేకు."

"ఊడలే అక్కా. ఊడకనే వచ్చిన. మీ బాపు పేరేంది?"

"బుచ్చిలింగు. ఎందుకు?"

అలేఖ్యకు బజారు చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయినట్టయింది. పక్కామె ఎవరో ఆమె కాలు తొక్కింది. అది కూడా తెలియలేదు.

"ఉన్నడా?"

"ఉన్నడు. కండ్లు కానరావు గని చేతులు ఊకుండవు. గీ ఎడాది మోపులు కట్టినంక, 'ఇగ ఇవే ఆఖరు బిడ్డా' అని మంచంల వడ్డడు. నాలుగు దినాల సంది గంజినీళ్లే." సత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంతకూ నువ్వెవలు?"

"కిష్టవ్వ అన్న పేరు ఎప్పుడన్న ఇన్నవా?"

"ఇనకుంటె ఎట్ల? మా బాపు మొదటి పెండ్లాం. పొద్దుగాల ఆమె పేరు మీద బియ్యమిచ్చే పడవెక్కిన. బాపు లేవలేడు గద, నన్ను ఇయ్యమన్నడు. పుష్కరాల సంది తప్పకుంట ఇస్తున్నం."

"బియ్యమిచ్చినవా? బాపమ్మ పేరు మీద?"

"ఎవలికి బాపమ్మ?"

అలేఖ్యకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, సత్తమ్మ పూలన్నీ తన్ని పారెయ్యాలనిపించింది. ఇటువైపు అరవై ఏళ్లుగా ఆయనకు బియ్యం. అటువైపు పదేళ్లుగా ఈమెకు బియ్యం. మధ్యలో ఒక్క గోదావరి.

"అక్కా, కిష్టవ్వ బతికే ఉన్నది. గీ పక్క వాడలనే. పొద్దుగాల సంది చాట మీద చెయ్యి పెట్టి కూసున్నది. నేను ఆమె మనుమరాలిని."

సత్తమ్మ చేతిలో బంతిపూల దండ జారింది.

"అరె దేవా! సచ్చిపోయిందని చెప్పిరి గదా!"

"ఎవలు చెప్పిండ్రు?"

"పుష్కరాలప్పుడు బాపు పట్టుబడితే నేనే తోలుకచ్చిన. అప్పటికి జర కండ్లు కనబడుతుండె. గోదారి ఘాటు కాడ ఒకాయనను అడిగచ్చిండు. నేను మూటల కాడ దూరంగ ఉన్న. మల్లచ్చి 'సచ్చిపోయిందట బిడ్డా' అన్నడు, రెండు దినాలు బువ్వ ముట్టలే."

"గా చెప్పినాయన యాదికున్నడా?"

"మనిషిని చూస్తె గుర్తువడ్త."

"నడువ్."

"నా పూలు?"

అలేఖ్య మిగిలిన తొమ్మిది మోపులూ స్కూటీ మీదికి ఎత్తింది. ఆ రోజు బస్టాండు నుంచి ఒక పూలకొండ తనంతట తానే నడిచిపోయిందని చెన్నూరు జనం ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

*

కిష్టవ్వ సత్తమ్మను కిందినుంచి పైదాకా చూసింది. ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ గడ్డం బుచ్చిలింగుదే.

"ఆయన బిడ్డవా?"

"ఆ, అవ్వా."

"ఎన్నేండ్లు నీకు?"

"యాభై నాలుగు."

కిష్టవ్వ పెదవులు కదిలించి లోపల ఏదో లెక్క చూసుకుంది.

"అయితె తొమ్మిదేండ్లు ఆగిండన్నట్టు," అన్నది. ఆ గొంతులో కోపమున్నదో, తృప్తి ఉన్నదో అలేఖ్య తేల్చుకోలేకపోయింది. "ఎందుకు రాలేదట?"

"ఎన్నోసార్లడిగిన అవ్వా. అడిగినప్పుడల్లా గోదారి దిక్కు తిరిగి కూసుంటడు. కాలు ఇరిగి మా అమ్మమ్మ ఊరి ఒడ్డుకు కొట్టుకచ్చిండట. గంతవరకే తెలుసు."

"కాలు ఇరిగితే ఎన్నేండ్లు పడ్తది అతుకుతందుకు?" కిష్టవ్వ ముక్కు చీదింది. "ఉండనీ. గది నేనే అడుగుత. ఇప్పుడెట్లున్నడు?"

సత్తమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. పెరట్లోంచి కాళ్లు కడుక్కుని, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ రాజం లోపలికి వచ్చాడు. తువ్వాల దించాడు.

"అన్నా!" అన్నది సత్తమ్మ. "నువ్వు గా ఘాటు కాడ చాయ్ పోసినోనివి గదా! పుష్కరాలల్ల! మా బాపుకు కిష్టవ్వ సచ్చిపోయిందని చెప్పింది నువ్వే గదా!"

పొద్దున్నుంచి ఊరంతా వినేలా అరిచిన రాజం తువ్వాలను మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అలేఖ్యకు అప్పుడు గుర్తుకొచ్చింది. పుష్కరాలకు తండ్రి ఘాటు దగ్గర చాయ్ బండి పెట్టాడు. పన్నెండు రోజుల గిరాకీ వదిలేసి మూడో రోజే బండి మూసి ఇంటికొచ్చాడు. జ్వరమన్నాడు. ఒళ్లు పట్టుకుని చూస్తే చల్లగా ఉంది.

"బాపూ?"

"ఆ, నేనే చెప్పిన!" రాజం తువ్వాలను నేలకు కొట్టాడు. "యాభై మూడేండ్లకు అచ్చిండు. 'తమ్మీ, గీడ కిష్టవ్వ అని ఒకామె ఉంటుండె, ఉన్నదా?' అన్నడు. తమ్మీ అన్నడు నన్ను! నువ్వెవలు తాతా అంటె బుచ్చిలింగును అన్నడు. నా మొఖంల మొఖం పెట్టి చూసిండు. కొడుకని గుర్తువట్టలే. చాయ్ తాగి, చక్కెర జర ఎక్కువైంది తమ్మీ అన్నడు."

"గందుకని సచ్చిపోయిందని చెప్పినవా?"

"మరేం చెప్పాలె? ఉన్నది, నీ కోసమే రోజూ రేవుకు పోయి చూస్తది అని చెప్పాలెనా?"

"చెప్పకపోతివి. మరి బియ్యమో?" అలేఖ్య గొంతు లేచింది. "బతికున్నడని తెలిసినంక కూడ పదేండ్లు ఆయన పేరు మీద బియ్యమిచ్చినవా? గియ్యాల పొద్దుగాల కూడ ఇయ్యనియ్యమని కొట్లాడితివి!"

"నాకు సచ్చినోడే అని చెప్పిన గదా!"

పరశురాములు గారెల గంప దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు. జోకు వేయబోయి మింగేశాడు.

కిష్టవ్వ చాట మీది నుంచి చెయ్యి తీసింది. పొద్దున్నుంచి ఒకే తీరుగా ఉన్న వేళ్లు ముడుచుకోనంటున్నాయి. వాటిని రెండో చేత్తో ఒత్తుకుంటూ కొడుకును చూసింది.

"ఎట్ల సచ్చిన్నని చెప్పినవ్‌రా?"

రాజం తల దించుకున్నాడు.

"నేను సచ్చిన గద. ఎట్ల సచ్చిన్నో నాకు తెలువద్దా? చెప్పు."

"పురిట్ల." అన్నాడు రాజం. "ఆయన పోయిన యాడాదే, పురిట్ల పోయిందని చెప్పిన."

"మరి పిల్లగాడేమైండని అడగలేదా?"

సత్తమ్మ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ఆమె రాజాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. గడ్డాన్ని చూసింది.

"రెండు చాటలన్నా," అన్నది. "ఏటేటా రెండు పెడ్తం. ఒకటి ఆమెది. రెండోది పేరు పెట్టకముందే పోయిన పిల్లగానిది. ఆ చాటను బాపు ఎవ్వలినీ ముట్టనియ్యడు, తనే నింపుతడు. పొద్దుగాల కూడ మంచం కాడికే తెప్పించుకోని..." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గది నీదా అన్నా?"

రాజం గోడను పట్టుకున్నాడు.

వీధిలోంచి అయ్యగారి కేక వినిపించింది. "రాజం! పన్నెండైతుంది. చాట తయారేనా?"

కిష్టవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి, పొద్దున్నుంచి మొదటిసారి లేచి నిలబడింది. అలేఖ్య పట్టుకోబోతే వద్దన్నది. కొంగు నడుముకు చెక్కుకుని, గడప దాకా ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది.

అప్పటికే రాజం గడపకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ దర్వాజకు రెండు దిక్కులా ఆనించి, చిన్నపిల్లవాడిలా వెక్కుతున్నాడు.

"జరుగు రాజం," అన్నది కిష్టవ్వ. "అవతలి ఒడ్డు పడవ పోతది."

రాజం జరగలేదు.